కడప అంటే గడపేనా? నోరు తిరక్క కడప అయిందా?

కడపపిల్లోడు: నిన్న ఆఫీసులో కోస్తా సైడు ఒకాయన "మీ ఊరి పేరు అసలు గడప అండీ, తిరుమలకి గడప కదా, మీవాళ్లు నోరు తిరక్క కడప చేసేశారు" అన్నాడు, నవ్వేసి వచ్చేసినా గానీ రాత్రంతా అదే తొలుస్తాంది. మీరేమంటారన్నా?

రాజంపేట_రవి: దాంట్లో తప్పేముంది? దేవుని కడపలో లక్ష్మీ వెంకటేశ్వరుని చూసుకోకుండా కొండకి పోకూడదు, అందుకే తొలి గడప అంటారు. కృపాచార్యులు ప్రతిష్ఠ చేసినాడు, కృపాపురమే కురప, కడప అయిందని ఇంకో కథ కూడా ఉందిలే.

బండలకొట్టు: కృపాపురం కథ వద్దులే సామీ, ఊరికొక భారతం పాత్ర లేకుంటే మనకు నిద్ర పట్టదు. ఆ నోరు తిరక్క అన్న మాటే నాకు గిట్టలే. మా జేజి ఇంటి గడపను ఇప్పటికీ కడపనే అంటాది, శుక్రవారం తెల్లారకముందే "కడపకు పసుపు పూసినావా మే" అని మాయమ్మ మీద కేకలు, సందకాడ కడప మీద కూచుంటే మా వీపు పగులుతాది. కడప అని చూస్తే గడప అని నిఘంటువులోనే ఉంటాది, నిఘంటువు రాసిన బ్రౌను దొర బంగళా ఉండిన ఊర్లో పుట్టి మనకే ఎవడో నేర్పాల్నా? పాడయిన మాట కాదప్పా, ఇంట్లో వాడే మాట. పాడుచేసింది ఇంగ్లీషోళ్లు, కడ్డపా అని, ఆ స్పెల్లింగు 2005లో గానీ పోలే.

రాజంపేట_రవి: అట్లయితే దేవుని గడప కథ అబద్ధమా?

బండలకొట్టు: అబద్ధమని ఎవరన్నారు, కడప అన్నా గడప అన్నా అర్థం ఒకటే కదా, కథకేం కాలే. ఉగాదికి ముస్లింలు కూడా ఆ గుడికి వస్తారు, వాళ్లను ఈ పంచాయితీ అడుగు, నవ్వుతారు.

ముంబై_తెలుగు: ఇక్కడ వంటగది అరుగుకి వేసే నల్ల బండని కడప్పా అంటారు, అది ఊరి పేరని సగం మందికి తెలీదు!

బండలకొట్టు: సున్నపురాయి అన్నా అది, నిమ్మకాయ రసం పడి తుడవకుండా వదిలితే తెల్ల మరక పడి ఇంక పోదు, కొనేటోళ్లకు చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

కడపపిల్లోడు: సరే, ఆయనకు జేజి మాటే చెప్తా. ఇంతకీ ఇంటి గడప కడపయితే మీ జేజి ఊరిని ఏమంటాది?

బండలకొట్టు: టౌను.