రెండు ప్రొజెక్టర్లతో ఒకే వీడియో: నడుమ అతుకు కనిపించకుండా చేయడం ఎలా?

ప్రశ్న: ఎంవీపీ కాలనీ వాసి

నమస్కారం. మా కాలనీ సంఘం వార్షికోత్సవం కోసం యారాడ నుంచి భీమిలి దాకా ఉన్న తీరం మీద పన్నెండు నిమిషాల వీడియో తయారుచేశాను. సిరిపురం దగ్గరి హాలులో 32 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న తెర మీద దాన్ని ఒకే దృశ్యంగా చూపాలని ఉంది. అద్దెకు తెచ్చిన ప్రొజెక్టర్లు రెండు ఉన్నాయి. ఒక్కొక్కటి 5000 ల్యూమెన్లు, 1920×1080.

హెచ్‌డీఎమ్‌ఐ స్ప్లిటర్ పెడితే రెండింటిలోనూ ఒకే బొమ్మ వచ్చింది. లాప్‌టాప్‌లో ఎక్స్‌టెండ్ ఎంచుకుంటే, ఫుల్ స్క్రీన్ నొక్కగానే వీడియో ఒక సగానికే పరిమితమైంది. చివరికి ప్లేయర్ విండోను చేత్తో లాగి రెండింటి మీదా పరిచాను. అంచులు కొద్దిగా ఒకదానిపై ఒకటి పడినచోట తెల్లటి పట్టీ ఏర్పడింది, రేవులో నిలిచిన ఒక్క ఓడ రెండు ముక్కలై ఒకదానిపై ఒకటి పడి కనిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: గాజువాక నుంచి, స్టేజి కార్యక్రమాలకు ప్రొజెక్టర్లు అమర్చే వ్యక్తి

స్ప్లిటర్ నకలు తీస్తుందే తప్ప బొమ్మను పంచదండీ. మీకు కావలసింది ఎడ్జ్ బ్లెండింగ్, అంటే రెండు బొమ్మల అంచులను ఒకదానిలో ఒకటి కలిపేయడం. అంచులు ఆనించి సరిపెడదామనుకుంటే గీత తప్పదు కాబట్టి, రెండు బొమ్మలూ సుమారు 20 శాతం మేర ఒకదానిపై ఒకటి పడాలి, ఆ భాగంలో రెండు ప్రొజెక్టర్లూ వీడియోలోని ఒకే భాగాన్ని చూపాలి. అలా చూపకపోవడం వల్లే మీ ఓడ రెండు ముక్కలైంది. 20 శాతమంటే 384 పిక్సెళ్లు. రెండు 1920ల నుంచి తీసేస్తే 3456 మిగులుతుంది. వీడియోను 3456×1080లో ఎక్స్‌పోర్ట్ చేయండి. మీ తెర కొలతలకు అది సరిగ్గా సరిపోతుంది. ఒక్కొక్క బొమ్మ దాదాపు 17 అడుగుల 9 అంగుళాల వెడల్పు వస్తుంది, కలిసే పట్టీ మూడున్నర అడుగులు ఉంటుంది. మీ ప్రొజెక్టర్ త్రో రేషియో (తెరకున్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 అయితే తెరకు 27 అడుగుల దూరంలో పెట్టాలి.

ఇక రెండింటి వెలుగునూ ఆ పట్టీలో మెల్లగా తగ్గించాలి. రిసొల్యూమ్ అరీనా అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో ఈ సదుపాయం ఉంది, అదే సంస్థ వారి అవెన్యూలో లేదు. సరళరేఖలో, అంటే పంపే విలువను ఒకే రేటున తగ్గిస్తే మాత్రం మోసపోతారు: గామా (పంపిన విలువకు ఎంత వెలుగు వస్తుందో చెప్పే సంఖ్య) 2.2 ఉన్న ప్రొజెక్టర్‌కు సగం విలువ పంపితే వచ్చే వెలుగు దాదాపు 22 శాతమే, రెండూ కలిసినా 44 దాటదు. తెల్లటి పట్టీ పోయి చీకటి పట్టీ వస్తుంది. బ్లెండ్ సెట్టింగులలోని గామాను కంటితో చూస్తూ సరిచేయండి.

జవాబు: పెందుర్తి నుంచి

పై సలహాకు ఒక మాట చేరుస్తాను. ప్రొజెక్టర్ నలుపు నిజమైన నలుపు కాదు. ఏమీ చూపనప్పుడూ కొంత వెలుగు కారుతూనే ఉంటుంది, అది కలిసేచోట రెట్టింపవుతుంది. పగటి సముద్రంలో ఎవరికీ తెలియదు గానీ, రాత్రి రేవు దృశ్యం రాగానే నడిమధ్య బూడిదరంగు స్తంభం లేస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో మిగతా భాగపు నలుపును కాస్త పెంచి సమం చేయవచ్చు. నన్నడిగితే రాత్రి దృశ్యాలను కుదించడమే మేలు. ఈ అతుకు బాధ పాతదే: 1952లో మూడు ప్రొజెక్టర్లతో వచ్చిన సినెరామా అనే వెడల్పు తెర సినిమా పద్ధతిలో, అంచుల దగ్గర దువ్వెన పళ్లలాంటి రేకులను వేగంగా ఆడించి గీతను మసకబరిచేవారు.

రెండు ప్రొజెక్టర్లూ ఒకే మోడల్‌వి కావాలి, వెలుగును మార్చే ఎకో, డైనమిక్ మోడ్‌లు ఆపేయాలి. కొన్ని లాప్‌టాప్‌లలో హెచ్‌డీఎమ్‌ఐ ఒక గ్రాఫిక్స్ చిప్‌కు, యూఎస్‌బీ-సి మరో చిప్‌కు కలిపి ఉంటాయి. అప్పుడు కెమెరా పక్కకు తిరిగే దృశ్యాల్లో ఒక సగం రెండోదానికంటే వెనకబడవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న 27 అడుగుల దూరం కోసం రెండు వరుసల కుర్చీలు తీయించి, గళ్ల నమూనా వేసి గీతలు కలిపాము. ఓడ ఒక్కటే కనిపించింది. అయితే కార్యక్రమాన్ని బీచ్ రోడ్డు పక్క మైదానానికి మార్చాలని సంఘంలో కొందరు పట్టుబడుతున్నారు.

జవాబు: గాజువాక నుంచి

ఒప్పుకోకండి. సముద్రపు గాలికి తెర జానెడు ఉబ్బినా చాలు, రెండు ప్రొజెక్టర్లూ వేర్వేరు కోణాల నుంచి చూస్తున్నాయి కాబట్టి బొమ్మలు విడిపోతాయి. అక్కడే కావాలంటే వారిని ఎల్ఈడీ గోడకు డబ్బు పెట్టమనండి.