27 ఏళ్లు వచ్చాయి, ఉద్యోగం ఉంది. అమ్మానాన్నల ఇంట్లోనే ఉంటూ నా నిర్ణయాలు నేను తీసుకోవడం ఎలా?

తంగేడు (నల్లగొండ):

అందరికీ నమస్తే. మాది నల్లగొండ టౌన్. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో ఆరేళ్లుగా పనిచేస్తున్నా. డాడీ ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యారు, మా క్రైస్తవ సంఘంలో (చర్చిలో) పెద్ద. ఇంట్లో అమ్మ, డిగ్రీ చదివే తమ్ముడు, నేను.

ముందే ఒక మాట చెప్పాలి. నేను దేవుణ్ణి వదిలిపెట్టలేదు, వదిలిపెట్టాలని కూడా లేదు. ఇప్పటికీ రాత్రి లైటు తీసేశాక ఎవరూ చెప్పకుండానే మోకరిస్తా. ఇంట్లో నన్ను ఎవరూ కొట్టలేదు, తిండికి లోటు చేయలేదు. నేను ఎవరినీ ప్రేమించడం లేదు. ఈ సంగతి ఎవరికి చెప్పినా మొదట అదే అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా.

మా ఇంట్లో తెల్లవారుజామున అయిదింటికి కుటుంబ ప్రార్థన, రాత్రి అన్నం ముందు మళ్లీ. బుధవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి రాత్రంతా ప్రార్థన, ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి రెండింటి దాకా ఆరాధన. టీవీ లేదు. బొట్టు, పూలు, బంగారం లేవు. పుట్టినప్పటి నుంచి అంతే కాబట్టి అవి లేవన్న బాధ నాకు ఎప్పుడూ కలగలేదు. బాధల్లా ఇంకోచోట ఉంది. ఏటీఎం కార్డు డాడీ దగ్గరుంటుంది. జీతంలో పదో వంతు సంఘానికి, మిగతాది ఇంటికి, నా చేతికి నెలకు వెయ్యి రూపాయలు. ఫోనుకు లాక్ పెట్టకూడదు. డ్యూటీ దిగిన అరగంటలో ఇంట్లో ఉండాలి.

ఎండాకాలంలో ఒకసారి గురువారం రాత్రంతా ప్రార్థన అయింది. కన్ను మూయకుండా, మంచినీళ్లు కూడా ముట్టకుండా శుక్రవారం ఏడింటికి డ్యూటీకి పోయా. ఆ టైంలో ఫాస్టింగ్ శాంపిళ్ల కోసం జనం వరుసలో కూర్చుని ఉంటారు. ఒక ముసలమ్మ జబ్బకు టోర్నికెట్ కట్టి, నరం దొరకబుచ్చుకుని సూది పెట్టబోతుంటే నా చెయ్యి వణికింది. ఊదారంగు మూత ట్యూబు జారి కింద పడింది. ఆమె నా మొహంలోకి చూసి "ఏమన్నా తిన్నవా బిడ్డా?" అంది. పరగడుపున వచ్చింది ఆమె, అడిగింది నన్ను. డ్యూటీ ఉన్న శుక్రవారాలు ఉపవాసం చేయలేనని ఆ రోజే ఇంట్లో చెప్పా. "విశ్వాసం సన్నగిల్లితే ఒళ్లు కూడా సన్నగిల్లుతది" అన్నారు డాడీ. మాట అక్కడితో ఆగిపోయింది.

పోయిన నెల సద్దుల బతుకమ్మ రోజు మా నర్సులు, ఆయమ్మలు కలిసి ఆసుపత్రి వెనక ఖాళీ జాగాలో బతుకమ్మ పేర్చారు. తంగేడు, గునుగు, బంతి. నేను పాట పాడలేదు, దండం పెట్టలేదు. వాళ్లతో చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టా. ఎవరో వీడియో తీసి స్టేటస్ పెట్టారు. సంఘంలో ఒక సిస్టర్ చూసి డాడీకి పంపింది.

ఇంటికొచ్చేసరికి డాడీ కుర్చీలో కూర్చుని ఉన్నారు. తిట్టలేదు. ఫోను నా ముందు పెట్టి "ఇది నువ్వేనా?" అన్నారు. అవునన్నా. "సద్ది తిన్నవా?" అన్నారు. తిన్నా. నువ్వుల సద్ది, పెరుగు సద్ది రెండూ తిన్నా, అదే చెప్పా.

మూడు నెలలు ప్రభువు బల్లకు, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, దూరంగా ఉండాలన్నారు సంఘం వాళ్లు. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటే ముందే ఎత్తేస్తారట. ఆ మాట సంఘంలో చదివి వినిపించింది డాడీయే. తర్వాత బల్ల రోజు రొట్టె పళ్లెం వరుసలో చేతులు మారుతూ మా దాకా వచ్చింది. పక్కన అమ్మ. తన ముక్క తీసుకుని, పళ్లెం నాకివ్వకుండా నా మీదుగా చెయ్యి చాపి అవతలామెకు అందించింది. అమ్మ కొంగు నా ఒళ్లో పడింది, మళ్లీ లాక్కుంది. నా వైపు చూడలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లు రమ్మంటున్నారు. హాస్టల్‌లో ఉండొచ్చు. కానీ అమ్మకు షుగర్, రెండు పూటలా ఇన్సులిన్ వేసేది నేనే. నాకు పారిపోవాలని లేదు. పెళ్లి పేరుతో బయటపడాలనీ లేదు. ఇదే ఇంట్లో, డాడీ ఎదురుగా కూర్చుని, నా మాట నేను చెప్పుకుని బతికే దారి ఉందా? ఇలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లు ఉంటే చెప్పండి.

పాలమూరు అక్క (మహబూబ్‌నగర్):

చెల్లీ, మా నాన్న పాస్టరు. నాకిప్పుడు 38. పళ్లెం సంగతి చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశా.

నేను ఇంట్లోంచి బయటికి వచ్చింది 25 ఏళ్లప్పుడు. నీకు చెప్పగలిగేది డబ్బు గురించే. నీ పేరు మీద కొత్త ఖాతా తెరువు. జీతం అందులో పడేలా ఆసుపత్రి అకౌంట్స్ వాళ్లకు రాసివ్వు. ఆ పని చేసే ముందే నాన్నకు చెప్పు, చేశాక దొరికిపోతే అది దొంగతనం లెక్కలోకి పోతుంది. "నెలకు ఇంత ఇంటికి, ఇంత కానుకకు, ఇంత అమ్మ మందులకు, ఇంత నాకు" అని నువ్వే చెప్పు. మొత్తం తెచ్చి చేతిలో పోసినన్నాళ్లు మా నాన్న నన్ను అడగకుండా ఖర్చు పెట్టేవాడు. లెక్కగా ఇవ్వడం మొదలుపెట్టాక, ఒకరోజు ఇంటి పైకప్పు బాగు చేయించాలంటే "ఏం చేద్దాం?" అని నన్ను అడిగాడు. అలా అడగడం అదే మొదలు.

ఇంకోటి. టెన్త్ మెమో, డీఎంఎల్‌టీ సర్టిఫికెట్, పారామెడికల్ బోర్డు కాగితం, ఆధార్ ఇవన్నీ నీ దగ్గర పెట్టుకో. నేను ఆఫీసులో అడిగారని అబద్ధం చెప్పి బీరువాలోంచి తీసుకున్నా. పదమూడేళ్లయినా ఆ అబద్ధం గుచ్చుతూనే ఉంది. నువ్వు అడిగి తీసుకో.

వెళ్లాల్సివస్తే వెళ్లు, అదేమీ తెగిపోవడం కాదు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి ప్రతి శనివారం రాత్రికి ఇంటికి వచ్చేదాన్ని. మొదటి నాలుగు నెలలు నాన్న మాట్లాడలేదు. ఆదివారం సాయంత్రం మాత్రం బస్టాండుకు వచ్చి, అమ్మ చేసిన జొన్నరొట్టెలు డబ్బాలో పెట్టిచ్చి, బస్సు కదలకముందే వెనక్కి తిరిగేవాడు. నీకైతే నల్లగొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లే. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో కూడా మన ఆడవాళ్లకు జీరో టికెట్. వారం వారం రావడానికి డబ్బు అడ్డం కాదు.

గుట్ట కింద (యాదగిరిగుట్ట దగ్గర):

మా ఇంట్లో దేవుడు వేరు. వైష్ణవ అర్చకుల కుటుంబం మాది. మడి, ఏకాదశి ఉపవాసం, ఉల్లి వెల్లుల్లి గడప దాటవు, నాన్నగారు బయట మంచినీళ్లు కూడా తాగరు. నాకు 31, చౌటుప్పల్ వైపు ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ, ఇప్పటికీ ఇంట్లోనే ఉంటున్నాను. మీరు రాసింది చదువుతుంటే మా ఇల్లే కనిపించింది.

షిఫ్టులో క్యాంటీన్ భోజనం చేస్తున్నానని నాన్నగారికి నేనే చెప్పాను. రెండు నెలలు నా కంచం వసారాలో వేశారు. అమ్మ దూరం నుంచి వడ్డించేది. తినేటప్పుడు గొంతు దిగేది కాదు, కానీ అరవలేదు, లేచి వెళ్లిపోలేదు. ఒక్క మాట పట్టుకుని నిలబడ్డాను: "ఎనిమిది గంటలు మెషీన్ దగ్గర నిలబడేవాణ్ణి, ఆకలితో చేస్తే తప్పు జరుగుతుంది, ఆ మందు ఎవరో వేసుకుంటారు." దానికి ఆయన దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పుడు స్నానం చేసి వంటింట్లోకి వస్తాను, ధనుర్మాసం నెలంతా తెల్లవారుజామున ఆయన వెంట గుడికి వెళ్తాను. ఇష్టంగానే వెళ్తాను.

అందుకే మీరు శుక్రవారం ఉపవాసంతో మొదలుపెట్టండి, బతుకమ్మతో వద్దు. బతుకమ్మ విషయంలో మీ నాన్నగారు నలుగురి ముందు నిలబడి మాట అన్నారు, అక్కడి నుంచి ఆయన వెనక్కి రావడం కష్టం. సూది పట్టుకునే చెయ్యి వణకకూడదన్న మాట ఇంటి గోడల మధ్య తేలిపోతుంది. అది ఒప్పుకుంటే మీ విషయంలో ఒక్కదాన్నైనా మీరు నిర్ణయించుకోవచ్చని ఆయన ఒప్పుకున్నట్టే కదా.

కోర్టు పక్షి:

నల్లగొండలోనే ప్రాక్టీసు చేస్తాను. చట్టం వరకు చెప్తాను. 18 నిండితే మేజర్, 1875 నాటి చట్టం నుంచి అంతే. ఎక్కడుండాలి, ఏం నమ్మాలి, ఎవరిని చేసుకోవాలి అన్నది మీ ఇష్టం. మతం మారి పెళ్లి చేసుకున్న కేరళ అమ్మాయి హాదియా కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. తండ్రి స్వార్జితమైన ఇంట్లో కొడుక్కి హక్కుగా ఉండే అధికారం లేదని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కూతురి సంగతి కొంచెం వేరు. 2005 గృహహింస చట్టం భార్యలకే పరిమితం కాదు, పుట్టింట్లో ఉన్న కూతురికీ వర్తిస్తుంది. మీ జీతం మీకు అందకుండా చేయడాన్ని ఆ చట్టం ఆర్థిక హింస కిందే చూస్తుంది, ఊరికే ఇంట్లోంచి వెళ్లగొట్టడం కూడా కుదరదు. మీ ఇంట్లో అంతదాకా రాలేదు, రాకూడదనే కోరుకుంటాను. గది తాళం వేసినా, ఫోను లాక్కున్నా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. తెలిసి ఉంటే మాట్లాడేటప్పుడు గొంతు వణకదు, అందుకని రాశాను.

సూర్యాపేట పెద్దాయన:

బిడ్డా, నాకు 64. నేనూ సంఘ పెద్దనే. మీ నాయిన మనసులో ఏమున్నదో నాకు కొంత ఎరుక.

ఆ తీర్పు ఆయన నోటితోనే ఎందుకు చదివిండో చెప్తా. సొంత బిడ్డకు మినహాయింపు ఇస్తే, రేపు ఇంకొకరి బిడ్డను ఏ మొహం పెట్టుకుని ఆపుతావని నలుగురూ అడుగుతారు. నేనూ అదే భయంతో నా కొడుకు విషయంలో గట్టిగా నిలబడ్డ. నా కొడుకు ఏడేళ్లుగా నా ఫోను ఎత్తడు. వాళ్ల అమ్మకు చేస్తాడు, స్పీకర్ పెట్టొద్దంటాడు. నేను పక్క గదిలో కూర్చుని వింటా.

ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయం మొదటి వచనం, తల్లిదండ్రుల మాట వినాలన్నది, నా పిల్లలతో ఎన్నిసార్లు చదివించానో లెక్క లేదు. మూడు వచనాలు దాటితే తండ్రులకు కూడా ఒక మాట ఉంది, పిల్లలకు కోపం పుట్టించొద్దని. అది నేను నాకోసం ఎన్నడూ చదువుకోలేదు.

ప్రార్థన ముందూ తర్వాతా మాట్లాడకు. అప్పుడు ఆయన పెద్దగా ఉంటాడు, నాయినగా ఉండడు. అమ్మ ముందు కూడా వద్దు. బయట ఎక్కడికన్నా ఇద్దరే పోయినప్పుడు మాట్లాడు. కండక్టర్‌గా చేసినవాడు, రోజూ డిపోలో పైసా పైసా లెక్క అప్పజెప్పి వచ్చినవాడు. పైన అక్క చెప్పినట్టు లెక్క కాగితం మీద రాసి ఇవ్వు, చదువుతాడు. సద్ది సంగతికి తర్వాత ఎప్పుడన్నా మొదటి కొరింథీ ఎనిమిదో అధ్యాయం, విగ్రహాలకు పెట్టిన తిండి గురించి ఉన్నది, ఇద్దరూ కలిసి చదవండి. వాదన కోసం వద్దు, ఊరికే కలిసి చదవండి.

తంగేడు (నల్లగొండ):

రెండు వారాలకు రాస్తున్నా. అందరికీ, ముఖ్యంగా పెద్దాయన గారికి వందనాలు. మీ మాటలు పదిసార్లు చదువుకున్నా.

డాడీ పెన్షన్‌కు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలంటే తోడుపోయా. వేలిముద్ర మెషీన్‌లో పడక చాలాసేపు కూర్చోబెట్టారు. అక్కడ బెంచీ మీదే మొదలుపెట్టా. ట్యూబు జారిపడిన రోజు సంగతి మొత్తం చెప్పా, ఆ ముసలమ్మ అడిగిన మాటతో సహా. ఇంతకుముందు ఉపవాసం చేయలేనని మాత్రమే అన్నా, ఇదంతా చెప్పలేదు. ఆయన తన బొటనవేలు తుడుచుకుంటూ విన్నారు. "ముసలామెకు ఏం కాలేదు కదా?" అన్నారు. కాలేదన్నా. "డ్యూటీ ఉన్న శుక్రవారం తిని పో. సాయంత్రం కూడికకు రా" అన్నారు.

లెక్క కాగితం ఇచ్చా. రెండుసార్లు చదివి, ఒకచోట కూడిక తప్పు పట్టి దిద్దారు. మడిచి బైబిల్‌లో పెట్టుకున్నారు. కార్డు ఇంకా ఇవ్వలేదు, ఇవ్వనని కూడా అనలేదు. కొత్త ఖాతా తెరుస్తున్నానంటే "ఏ బ్యాంకులో?" అన్నారు. సర్టిఫికెట్లు అడిగితే అమ్మ తీసిచ్చింది.

బతుకమ్మ ఊసు నేనెత్తలేదు. బల్లకు దూరం ఇంకా ఉంది. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోను, ఎందుకంటే నేను మనసులో తప్పు అనుకోవడం లేదు, అనుకోనిది దేవుడి ముందు ఎలా చెప్పను? మూడు నెలలూ అలాగే కూర్చుంటా.

హైదరాబాద్ ఉద్యోగం గురించి ఈ నెలాఖరులోపు చెప్పాలి. ఇంకా తేల్చుకోలేదు. అక్కా, హాస్టల్‌లో పొద్దున ఆరింటికల్లా టిఫిన్ పెడతారా, ల్యాబ్ డ్యూటీకి సరిపోతుందా, తెలిస్తే రాయండి. తమ్ముడికి ఇన్సులిన్ వేయడం నేర్పుతున్నా. పెన్ మీద యూనిట్లు తిప్పడం, పొట్ట దగ్గర చర్మం పట్టుకోవడం, రోజూ చోటు మార్చడం. నిన్న రాత్రి అమ్మకు వాడే వేశాడు.