మెగ్నీషియం పొడి రోజూ తాగుతున్నాను, థైరాయిడ్ మాత్రకీ దానికీ ఎంత ఎడం ఉండాలి?

తెనాలి లెక్కల టీచర్ (మార్చి 22)

అందరికీ నమస్కారం. నాకు 54 ఏళ్లు. తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రోజుకి ఐదు పీరియడ్లు, అన్నీ నిలబడే. రెండేళ్లుగా రాత్రి రెండూ మూడూ మధ్య పిక్క పట్టేస్తోంది, కుడికాలికి ఎక్కువ. నిద్రలోనే రాయిలా బిగుసుకుపోతుంది. మంచం దిగి, గోడకి చేతులు ఆనించి, మడమ నేలకి నొక్కి నిలబడితే గానీ వదలదు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ నొప్పి ఉంటుంది.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. సంక్రాంతికి వస్తూ ఒక డబ్బా మెగ్నీషియం సిట్రేట్ పొడి తెచ్చాడు. ఆఫీసు టెన్షన్‌తో నిద్ర పట్టక వాడు రోజూ తాగుతాడట. నిమ్మకాయ పులుపు. వేడినీళ్లలో వేస్తే సోడాలా పొంగుతుంది, పొంగు అణిగాక తాగాలి. జనవరి 20న మొదలుపెట్టాను. పొద్దున పెట్టుకున్న పని అయితేనే నాకు రోజూ తప్పకుండా జరుగుతుంది కాబట్టి పొద్దునకే పెట్టుకున్నాను.

నా వరస ఇది. 5.30కి థైరాయిడ్ మాత్ర, 75 మైక్రోగ్రాములది. 6కి గోరువెచ్చని నీళ్లలో ఈ పొడి. 7కి గ్యాస్ మాత్ర. 7.30కి టిఫిన్. 8.15కి బస్సు. రాత్రి భోజనం అయ్యాక కాల్షియం మాత్ర.

మొదటి రెండు వారాలు విరేచనాలతో చాలా ఇబ్బంది పడ్డాను. రెండో పీరియడ్ మధ్యలో పిల్లల్ని వదిలి వెళ్లాల్సి వచ్చేది. డబ్బా మీద రెండు టీస్పూన్లు, 4 గ్రాములు, మెగ్నీషియం 325 మిల్లీగ్రాములు, 77 శాతం అని ఉంది. నేను వంటింటి చెంచాతో గోపురం కట్టి రెండు చెంచాలు వేసుకునేదాన్ని. ఒకరోజు అలాగే కొలిచి చిన్న డబ్బాలో పోసుకెళ్లి, స్కూలు సైన్స్ ల్యాబ్ త్రాసులో తూచాను. 7 గ్రాములు! అంటే 569 మిల్లీగ్రాములు. ఆరోజు నుంచీ తలకొట్టిన కొలతతో 4 గ్రాములే వేసుకుంటున్నాను. ఇబ్బంది పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. నవంబరులో నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష, మందు చాలకపోతే ఈ అంకె పెరుగుతుంది) 2.9. పోయిన వారం 6.8 వచ్చింది. మాత్ర ఒక్కరోజు కూడా తప్పలేదు. డాక్టరుగారు 100కి పెంచుదామన్నారు. పొడి గురించి నేను చెప్పలేదు, అది మందు అన్న ఆలోచనే నాకు రాలేదు. ఇంటికొచ్చి కూర్చుని చూసుకుంటే ఆ రెండు రిపోర్టుల మధ్య నా రోజులో మారింది ఈ పొడి ఒక్కటే. 100 మైక్రోగ్రాముల మాత్రలు కొన్నాను కానీ ఇంకా మొదలుపెట్టలేదు.

రెండింటికీ ఎంత ఎడం ఉండాలి? ఆ 77 శాతం దేనిలో 77? పిక్క పట్టేసిన రాత్రి క్యాలెండర్లో గుర్తు పెడుతున్నాను. జనవరికి ముందు వారానికి నాలుగు, ఇప్పుడు రెండు, మూడు. ఇది పొడి వల్లనే అనుకోవచ్చా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.


ఖమ్మం మందుల షాపు (మార్చి 22)

టీచర్ గారూ, నమస్తే. నేను ఫార్మసిస్టుని, 22 ఏళ్లుగా షాపు నడుపుతున్నాను. మీలా టైములు, తూకాలు రాసి అడిగేవాళ్లు అరుదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

థైరాయిడ్ మాత్రకీ మెగ్నీషియానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. కాల్షియానికీ ఐరన్‌కీ ఇదే లెక్క. ఇవి పేగులో ఆ మందును పట్టుకుంటే అది రక్తంలోకి ఎక్కకుండా బయటికి పోతుంది. మీరు అరగంటే ఇచ్చారు, అందులోనూ మొదటి రెండు వారాలు 569 మిల్లీగ్రాములు. మీ టీఎస్‌హెచ్ పెరగడానికి ఇదే కారణమని నేను ఇక్కడి నుంచి తేల్చలేను. కానీ డోసు పెంచే ముందు మీ డాక్టరుగారికి ఈ విషయం తెలిసి తీరాలి. రేపే ఫోన్ చేయండి, డబ్బా వెనక వైపు ఫోటో కూడా పంపండి. పొడి వల్ల అందని మందుకి డోసు పెంచి, తర్వాత ఎప్పుడో పొడి మానేస్తే, అప్పుడు ఒంట్లో థైరాయిడ్ ఎక్కువవుతుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, అదొక కొత్త బాధ.

పొడిని రాత్రి భోజనం తర్వాతకి మార్చండి. కాల్షియం మధ్యాహ్నం అన్నంతో వేసుకోండి. ఆ కాల్షియం స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి, చాలా కాల్షియం మాత్రల్లో మెగ్నీషియం కూడా కలిపే ఉంటుంది. కడుపులో మంటకి తాగే జెలుసిల్, డైజిన్‌లలోనూ ఉంటుంది. అన్నీ కూడండి, మీకు ఆ పని నేను చెప్పాలా.

77 శాతం అమెరికా లెక్క. అక్కడ లేబుళ్ల మీద పెద్దవాళ్లకి రోజుకి 420 మిల్లీగ్రాములని పెట్టుకున్నారు, 325 అందులో 77 శాతం. ఆ 420 తిండితో కలిపి మొత్తం. పైనుంచి పొడిగానో మాత్రగానో తీసుకునేదానికి అక్కడ వేరే హద్దు ఉంది, రోజుకి 350. ఇంకో సంగతి, షాపుకొచ్చి "మెగ్నీషియం 1000 ఇవ్వండి" అంటారు. ఆ 1000 మొత్తం పదార్థం బరువు. సిట్రేట్‌లో అసలు మెగ్నీషియం 16 శాతం దాకా, గ్లైసినేట్‌లో 14 దాకా ఉంటుంది. ఆక్సైడ్‌లో 60 ఉంటుంది కానీ ఒంటికి పట్టేది తక్కువ. కాబట్టి చూడాల్సింది 'ఎలిమెంటల్' అని రాసిన అంకె.

మీ వరసలో నన్ను ఎక్కువ ఆపింది 7 గంటల గ్యాస్ మాత్ర. ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు? ఎవరు రాశారు, ఎన్ని రోజులకి రాశారు? మా షాపుకి ఖాళీ స్ట్రిప్ పట్టుకుని "ఇదే ఇవ్వండి" అని నెలనెలా వచ్చేవాళ్లు ఎందరో. పదిహేను రోజులకి రాసింది ఐదేళ్లు వాడేస్తారు. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు ఏడాది దాటి వాడితే కొందరిలో మెగ్నీషియం పడిపోతుంది. 2011లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. వాళ్లు చూసిన కేసుల్లో దాదాపు నాలుగో వంతు మందికి మెగ్నీషియం ఇచ్చినా సరిపోలేదు, ఆ మాత్ర ఆపితేనే కోలుకున్నారు. మెగ్నీషియం తగ్గితే కండరాలు పట్టేయడం ఒక లక్షణం. ఇక గ్యాస్ మాత్రలు థైరాయిడ్ మాత్రను కూడా సరిగా అందనివ్వవు. అయితే నవంబరులో మీది 2.9 ఉంది కాబట్టి, అప్పటికే వాడుతుంటే ఈ 6.8ని దాని మీద వేయలేం. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఇది చదివి గ్యాస్ మాత్రను ఒక్కసారిగా ఆపేయకండి. మంట తిరగబెట్టి రెట్టింపవుతుంది. డాక్టరుగారితో మాట్లాడి మెల్లగా తగ్గించుకోవాలి.

పిక్కల గురించి ఉన్నమాట చెబుతాను. పెద్ద వయసువాళ్ల పిక్కలు పట్టేయడానికి మెగ్నీషియం పెద్దగా పని చేయదనే 2020లో కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసేది) తేల్చింది. నిజంగా మెగ్నీషియం తగ్గి ఉన్నవాళ్ల సంగతి వేరు. మీరు ఆ రెండో కోవలో ఉన్నారేమో చూడాలి. రక్తంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష, కిడ్నీలు దెబ్బతింటే పెరుగుతుంది) చేయించుకోండి.


ఉద్దానం అబ్బాయి (మార్చి 23)

అమ్మా, ఖమ్మం అన్నగారు చివర్లో ఒక్క మాటగా రాసిన క్రియాటినిన్ గురించే నేను రాస్తాను. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. మా వైపు కిడ్నీ జబ్బు సంగతి మీరు వినే ఉంటారు. మా నాన్న కొబ్బరితోట రైతు. కాళ్ల వాపులు లేవు, మూత్రం మామూలుగానే ఉంది, అన్నం తింటున్నాడు. ఊళ్లో పెట్టిన క్యాంపులో చూస్తే క్రియాటినిన్ 3.4.

అప్పటికి మూడు నెలలుగా ఆయనకి మలబద్ధకం. ఎవరో చెప్పారని రోజూ రాత్రి మెగ్నీషియం ఉన్న విరేచనాల మందు తాగేవాడు. ఒంట్లో ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటికి పంపేది కిడ్నీలే. అవి పని చేయకపోతే అది రక్తంలో పేరుకుంటుంది. నాన్న పగలంతా మగతగా పడుకునేవాడు, కాళ్లూ చేతులూ బలం లేనట్టు వదిలేసేవి, బీపీ బాగా తక్కువ వచ్చేది. ఎండకి అలసట అనుకున్నాం. ఆస్పత్రిలో డాక్టరు ముందుగా అడిగింది "ఇంకేమైనా పొడులు, టానిక్కులు వాడుతున్నారా" అనే. ఆ ప్రశ్న అడగబట్టే దొరికింది. ఆ మందు ఆపాక మగత పోయింది. కిడ్నీల జబ్బు ఉండనే ఉంది, పలాసలో చూపిస్తున్నాం.

మీకు కిడ్నీలు బాగానే ఉండి ఉంటాయమ్మా, ఉండాలి. అయినా పొడి తాగేవాళ్లు ఎవరైనా సరే, డబ్బా మూత తీసే ముందు ఆ ఒక్క పరీక్ష చేయించుకోండి. షుగరు, బీపీ ఉన్నవాళ్లు మరీ ముఖ్యంగా. మా ఊళ్లో దాన్ని ఆలస్యంగా చేయించుకుని బాధపడని ఇల్లు తక్కువ.


జమ్మికుంట పత్తి రైతు (మార్చి 23)

మెగ్నీషియం అంటే మాకు పత్తి చేనే గుర్తొస్తది. ఆకులు ఎర్రబారితే లీటరు నీళ్లకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి కొడతాం. ఆకు పచ్చదనంలో ఉండేది అదే కదా. ఈమధ్య మా ఊళ్లో ఒకాయన వీడియో చూసి, ఎరువుల షాపులో తెచ్చిన ఆ సంచిలోంచే చెంచాడు తీసి తాగడం మొదలుపెట్టిండు. "రెండూ మెగ్నీషియమే గదా" అంటడు. అది చేనుకు చేసిన సరుకు, మనిషి తాగేందుకు శుద్ధి చేసింది కాదు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

మేడం గారూ, మీ తిండి గురించి మీరు రాయలేదు. జొన్న రొట్టె, రాగి సంకటి, నువ్వులు, పల్లీలు, పాలకూర, అన్నిట్లో మెగ్నీషియం ఉంటది. తెల్ల బియ్యంలో పాలిష్‌తో చాలామట్టుకు పోతది.


తెనాలి లెక్కల టీచర్ (ఏప్రిల్ 5)

ముగ్గురికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఉద్దానం బాబూ, నీ మాట చదివిన మర్నాడే ల్యాబుకి వెళ్లాను. నాన్నగారిని జాగ్రత్తగా చూసుకో.

క్రియాటినిన్ 0.8. పొటాషియం, కాల్షియం బాగానే ఉన్నాయి. మెగ్నీషియం 1.7, ల్యాబ్ కాగితంలో హద్దులు 1.7 నుంచి 2.2. రెండు నెలలు పొడి తాగాక కూడా కింది గీత మీదే ఉంది. ఒంట్లో ఉన్న మెగ్నీషియంలో రక్తంలో తేలేది ఒక శాతం కూడా కాదనీ, మిగతాదంతా ఎముకల్లో, కండరాల్లో ఉంటుందనీ, అందుకే గీత మీద ఉన్న అంకెను చూసి సరే అనుకోలేమనీ డాక్టరుగారు చెప్పారు.

గ్యాస్ మాత్ర మూడున్నరేళ్లుగా వేసుకుంటున్నాను. పాత కాగితాలన్నీ తీసి వెతికితే దొరికింది. మోకాలి నొప్పికి మందులు రాసినప్పుడు దానికి తోడుగా 14 రోజులకి రాశారు. నొప్పి మందు ఆగింది, ఇది ఆగలేదు. రోజు విడిచి రోజు చేసి, నెలలో పూర్తిగా ఆపుదామన్నారు. నా కాల్షియం మాత్రలో 100 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంది, చదివి చూస్తే. అందుకని పొడిని 2 గ్రాములకి తగ్గించారు, రాత్రి 9కి. థైరాయిడ్ 75లోనే ఉంచి ఎనిమిది వారాల తర్వాత చూద్దామన్నారు. 100 మైక్రోగ్రాముల మాత్రలు షాపులో తిరిగి ఇచ్చేశాను.

జమ్మికుంట గారూ, మా ఇంట్లో రెండు పూటలా తెల్లన్నమే. ఆదివారం మా అత్తగారి చేత రాగి సంకటి చేయించాను. ఆవిడకి 81 ఏళ్లు, కెలకడం ఇప్పటికీ ఆవిడకే కుదురుతుంది.


తెనాలి లెక్కల టీచర్ (జూన్ 1)

చెప్పినట్టే మళ్లీ చేయించాను. టీఎస్‌హెచ్ 3.4, అదే 75 మాత్ర మీద. మెగ్నీషియం 1.9. గ్యాస్ మాత్ర మే 4న ఆపాను. మొదటి పది రోజులు గుండెల్లో మంట వచ్చింది, రాత్రి భోజనం ఏడున్నరకి జరిపితే తగ్గింది.

క్యాలెండర్ లెక్క: ఏప్రిల్‌లో తొమ్మిది రాత్రులు, మేలో నాలుగు. మేలో సెలవులు, రోజంతా నిలబడే పని లేదు, కాబట్టి ఆ నాలుగుని పొడికో, మాత్ర ఆపడానికో జమ కట్టలేను. బడి తెరిచాక జూన్, జులై చూసి రాస్తాను. ఖమ్మం గారూ, వానాకాలం మొదలైంది, పొడి గడ్డ కడుతోంది. లోపల ఉన్న తెల్ల గుళికల పొట్లం ఉంచేసి, తడి చెంచా తగలకుండా చూసుకుంటున్నాను. గడ్డ కట్టినది చిదిమి వాడుకోవచ్చా, పారేయాలా?


ఖమ్మం మందుల షాపు (జూన్ 1)

చాలా సంతోషం టీచర్ గారూ. రంగు, వాసన మారకపోతే వాడుకోవచ్చు, కానీ గడ్డ కట్టిన పొడి చెంచాలో ఒకలా పడదు. మీ ల్యాబ్ త్రాసులో 2 గ్రాముల చొప్పున తూచి, గాలి చొరని చిన్న పొట్లాలు కట్టి పెట్టుకోండి. నీళ్లలో వేస్తే పొంగు ముందులా రాకపోతే మాత్రం తేమ బాగా పట్టినట్టే, ఆ డబ్బా వదిలేయండి.