గేమ్ మధ్యలో పీసీ టప్పున ఆగిపోతే తప్పు ఎస్‌ఎంపీఎస్‌దా, వేడిదా?

బెజవాడ ప్లేయర్

అన్నలూ, ఒక పంచాయితీ తేల్చండి. గేమ్ ఆడుతుండగా నా పీసీ ఉన్నట్టుండి ఆగిపోతోంది. బ్లూ స్క్రీన్ రాదు, హ్యాంగ్ అవదు, ఎవరో ప్లగ్ పీకేసినట్టు పోతుంది. ఒక్కోసారి పది నిమిషాలకే, ఒక్కోసారి రెండు గంటలు ఆడినా ఏమీ కాదు. సినిమాలు, కాలేజీ పని అయితే రోజంతా నిక్షేపంగా నడుస్తుంది.

ప్రాసెసర్ రైజెన్ 5 5600, సెకండ్ హ్యాండ్‌లో కొన్న గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3070, 16 జీబీ ర్యామ్, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (అదే, పీసీ లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా). కార్డు పెట్టి నెల అయింది, గొడవ అప్పట్నుంచే. ఫ్రెండేమో ఎస్‌ఎంపీఎస్ మార్చమంటాడు. షాపతనేమో ఎండాకాలం కదా, హీట్ అంటున్నాడు, సర్వీసింగ్‌కి తెచ్చివ్వమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

వాట్ల లెక్క

ఇందులో పంచాయితీ ఏముంది తమ్ముడూ? 3070 ఒక్కటే 220 వాట్లు లాగుతుంది. ఎన్విడియా వాళ్లే దానికి 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలన్నారు. పైగా ఆ 220 సగటు మాత్రమే. గేమ్‌లో సీన్ మారినప్పుడు కార్డు రెప్పపాటు కంటే తక్కువ సమయంలో దానికి ఎంతో ఎక్కువ లాగి వదిలేస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ కుదుపు కనపడదు. ఎస్‌ఎంపీఎస్‌కి మాత్రం తెలుస్తుంది, ప్రమాదం అనుకుని తనంతట తనే ఆగిపోతుంది. ఎస్‌ఎంపీఎస్‌ల కోసం 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, రేటింగ్‌కి రెట్టింపు లోడు 100 మైక్రోసెకన్ల పాటు వచ్చినా తట్టుకోవాలని రాశారంటే ఇలాంటి కార్డుల వల్లే. ఇంకో మాట, పెట్టె మీద 80 ప్లస్ స్టిక్కర్ చూసి మురిసిపోకు. అది కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుంది గానీ లోపల సరుకు ఎలాంటిదో చెప్పదు.

ఫ్యాన్ తిరగనీ

అన్నా, ప్రతిదానికీ కొత్తది కొనమనడమేనా? బెజవాడ ఎండల్లో గదిలోనే 38 ఉంటే కేబినెట్ లోపల ఎంతుంటుందో ఆలోచించండి. నాదీ పోయినేడు అచ్చం ఇలాగే ఆగేది. సైడు తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెడితే ఆగడం మానేసింది. తర్వాత విప్పి చూస్తే ప్రాసెసర్ వేడి లాగే హీట్‌సింక్ నిండా దుమ్ము, దూది పరుపులా ఉంది. ముందు దుమ్ము దులిపి ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య థర్మల్ పేస్ట్ వెయ్యి బ్రో. ఎస్‌ఎంపీఎస్ ఐదారు వేలు, పేస్ట్ మూడు నాలుగు వందలు.

రిపేర్ బెంచ్

ఇద్దరూ రోగిని చూడకుండానే మందు రాసేస్తున్నారు.

వేడి సంగతి ముందు. 5600కి ఏఎండీ పెట్టిన హద్దు 90 డిగ్రీలు. ఆ హద్దు తగిలితే ప్రాసెసర్ వెంటనే చచ్చిపోదు, ముందు వేగం తగ్గించుకుంటుంది. కార్డూ అంతే. అంటే ఆగిపోయే ముందు గేమ్ నత్తనడక నడవాలి. కూలర్ ఊడిపోయినంత పనైతే తప్ప, పూర్తి ఫ్రేములతో నడుస్తున్న గేమ్ వేడికి టప్పున పోవడం అరుదు.

తమ్ముడూ, మూడు సంగతులు చెప్పు. ఆగినప్పుడు మానిటర్ లైటు వెలుగుతూ 'నో సిగ్నల్' అంటోందా, మానిటర్ కూడా పోతోందా? మళ్లీ బటన్ నొక్కితే వెంటనే ఆన్ అవుతోందా, ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి వేస్తేనే అవుతోందా? గోడకీ పీసీకీ మధ్య ఏమేం ఉన్నాయి?

రాత్రి డ్యూటీ

మధ్యలో వస్తున్నాను. విండోస్ తన తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 ఉందేమో చూడండి. ఉంటే ఎస్‌ఎంపీఎస్సే.

రిపేర్ బెంచ్

కాదండీ. 41 అంటే 'పోయినసారి నన్ను సరిగ్గా షట్‌డౌన్ చేయలేదు' అని విండోస్ మళ్లీ లేచాక రాసుకున్న ఫిర్యాదు, అంతే. మీరు చేత్తో ప్లగ్ పీకినా అదే రాస్తుంది.

బెజవాడ ప్లేయర్

నిన్న వేడి ఎంతుందో చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో లాగింగ్ పెట్టి ఆడాను. ఆగే ముందు చివరి లైన్లలో ప్రాసెసర్ 74 డిగ్రీలు, కార్డు 71. మానిటర్ లైటు కూడా పోయింది. ఇన్నాళ్లూ గమనించనే లేదు. మధ్యలో 600 వీఏ యూపీఎస్ ఉంది, పాత పీసీతో కొన్నది. మానిటర్, పీసీ రెండూ దానికే. ఆగాక యూపీఎస్ బటన్ నొక్కితే మళ్లీ అన్నీ వస్తాయి. కరెంటు పోయి వచ్చిందేమో అనుకునేవాణ్ని.

వాట్ల లెక్క

యూపీఎస్ సంగతి ముందే చెప్పొద్దూ! అయినా నా మాట మీదే ఉన్నాను. ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో కార్డు పవర్ లిమిట్ 70 శాతానికి దించి ఆడు. ఆగడం మానేస్తే ఎస్‌ఎంపీఎస్ చాలట్లేదన్నట్టే.

రిపేర్ బెంచ్

ఆ పరీక్షలో ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే దొరకదండీ. లోడు తగ్గితే యూపీఎస్‌కీ ఊరటే, వేడీ తగ్గుతుంది. ఈ ముగ్గురు దొంగల్లో ఎవరో తేలదు.

లెక్క చూడండి. కార్డు 220, ప్రాసెసర్ మీద 65 అని రాసినా 76 దాకా లాగుతుంది, బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ కలిపి 40 అనుకుందాం. ఎస్‌ఎంపీఎస్‌లో వృథా అయ్యేది, మానిటర్ కలిపితే 400 దాటుతుంది. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది 360 వాట్లు. వీఏకీ వాట్లకీ తేడా ఉందని అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. గోడ కరెంటు మీద ఉన్నంతసేపూ ఎలాగో నెట్టుకొస్తుంది. వోల్టేజీ ఒక్క క్షణం పడి బ్యాటరీకి మారిందా, ఆ లోడు మోయలేక చేతులెత్తేస్తుంది. సినిమా చూసేటప్పుడు లోడు తక్కువ కాబట్టి మారినా నీకు తెలియదు. ఎక్కువగా ఏ టైములో ఆగుతోంది?

బెజవాడ ప్లేయర్

సాయంత్రం ఏడూ ఎనిమిది మధ్యే. మా అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ బోరు మోటార్ వేసేదీ అప్పుడే. వేయగానే ట్యూబ్‌లైటు ఒకసారి మినుక్కుమంటుంది. అమ్మని అడిగితే 'అది ఆగే ముందు కుయ్‌మని అరుస్తుంది కదరా, నీ చెవుల్లో అవి ఉంటే ఏం వినపడుతుంది' అంది. నేనెప్పుడూ హెడ్‌ఫోన్స్‌లోనే ఉంటాను.

ఫ్యాన్ తిరగనీ

అమ్మగారిని ముందే అడిగి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు 😄 అయినా దుమ్ము దులుపు.

బెజవాడ ప్లేయర్

నాలుగు రోజులైంది. పీసీని నేరుగా 16 ఆంప్స్ సాకెట్‌కి పెట్టాను, మానిటర్, రౌటర్ యూపీఎస్‌కి వదిలేశాను. రోజూ మోటార్ టైములోనే పనిగట్టుకుని ఆడాను. లైటు మినుక్కుమంది, యూపీఎస్ టక్‌మంది, గేమ్ మాత్రం ఆగలేదు.

వాట్ల లెక్క

నాలుగు రోజులకే పండగ చేసుకోకు. కరెంటు పూర్తిగా పోతే ఏం చేస్తావ్? గేమ్ సేవ్ కాదు, పైగా రాస్తుండగా ఆగితే ఫైళ్లు పాడవుతాయి. 550 వాట్లు అంచు మీదే ఉన్నాయని ఇప్పటికీ అంటాను.

రిపేర్ బెంచ్

ఫైళ్ల మాట నిజమే. డబ్బులుంటే 1000 వీఏ పైన, వాట్లు 600 ఉన్నది చూసి కొనుక్కోవచ్చు. తొందరేం లేదు. నీ ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీద ఇన్‌పుట్ 100-240 అని ఉంటే మోటార్ కుదుపుల్ని అది లెక్కే చేయదు. 200-240 అని ఉంటే మాత్రం ఈయన చెప్పినట్టు ఆలోచించాల్సిందే. కార్డుకి రెండు 8 పిన్ కనెక్టర్లు ఉన్నాయా? రెండింటికీ వేర్వేరు వైర్లేనా?

బెజవాడ ప్లేయర్

స్టిక్కర్ మీద 100-240 ఉంది. వైరు ఒక్కటే అన్నా, చివర్న రెండు తలలు.

వాట్ల లెక్క

అదిగో! ఒక్కో 8 పిన్‌కి 150 వాట్లు లెక్క. మొత్తం ఒకే వైరు మీద రుద్దకు. ఎస్‌ఎంపీఎస్‌తో రెండో వైరు వచ్చి ఉంటుంది, అదే పెట్టు. పక్కింటి వాడి ఎస్‌ఎంపీఎస్ వైరు పట్టింది కదా అని తగిలించకు. కంపెనీ కంపెనీకీ పిన్నుల వరస మారుతుంది, కార్డు కాలిపోవచ్చు.

బెజవాడ ప్లేయర్

డబ్బా అటక మీద ఉంది. ఆదివారం దించుతాను.