వ్యోమగామి హెల్మెట్ కిట్: రెండు చిప్పలూ అతికించేయాలా, విడదీసేలా ఉంచాలా?

కొర్లగుంట నాన్న:
ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినానికి మావాడి బళ్లో వేషాల పోటీ ఉంది. వాడు నాలుగో తరగతి. మా అత్తగారిది సూళ్లూరుపేట. శ్రీహరికోటలో రాకెట్టు లేస్తుందంటే మిద్దెక్కి కూర్చునే పిల్లోడు, అందుకని వ్యోమగామి వేషం తప్ప ఇంకోటి వద్దంటాడు. హెల్మెట్ కిట్ తెప్పించినాను. ముందు చిప్ప, వెనక చిప్ప, మొహానికి పారదర్శకమైన అద్దం, అంతే. చిప్పల్ని ఫెవీక్విక్ లాంటి గమ్ముతో అతికించి, అతుకు మీద సందు పూడ్చే పుట్టీ పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది రంగు కొట్టమని లోపల పెట్టిన కాగితంలో ఉంది. మా ఆఫీసులో ఒకాయనేమో అతికించొద్దు, మాగ్నెట్లు పెట్టి విడదీసేలా ఉంచుకో అంటాడు. నాకైతే అతికిస్తేనే గట్టిగా ఉంటుందని, చూసేదానికి కూడా నిజం హెల్మెట్ మాదిరి ఉంటుందని అనిపిస్తోంది. ఇదివరకు చేసినవాళ్లు చెప్పండి.

తిరుచానూరు మోడలర్:
అతికించాల్సిందే అన్నా. కాకుంటే ఫెవీక్విక్‌తో వద్దు. ఈ చిప్పల్ని ప్లాస్టిక్ రేకు వేడి చేసి, అచ్చు మీద పరిచి, కింద నుంచి గాలి లాగేసి చేస్తారు. రేకు ఎక్కువ సాగిన చోట పలచబడుతుంది. ట్యూబులైటుకు ఎదురుగా పట్టి చూడండి, వెలుతురు ఎక్కడ ఎక్కువ దిగితే అక్కడ రేకు పలచన. ఇట్లాంటి చిప్ప తల మీద పెట్టుకుంటే ఎంతో కొంత వంగుతుంది. ఫెవీక్విక్ ఆరినాక గాజు మాదిరి పెళుసు, వంగిందంటే టప్పున ఊడిపోతుంది. పైగా దాని ఆవిరి తగిలితే అద్దం మీద తెల్లగా మసక కడుతుంది, ఎంత తుడిచినా పోదు.

చిప్పల చుట్టూ అనవసరమైన అంచు ఉంటుంది కదా, దాన్ని కోసేటప్పుడు బ్లేడు ఒక్కసారే లోపలికి దించొద్దు. గీత మీద మూడు నాలుగుసార్లు తేలిగ్గా గీకి వంచితే అదే శుభ్రంగా విరుగుతుంది. ఆ విరిగిన ముక్కల్ని పారేయకండి. రెండు అంగుళాల పొడవున కత్తిరించి పెట్టుకోండి. చిప్పలు రెండూ కలిపి బయట టేపు చుట్టి, లోపలి వైపు అతుకు పొడవునా ఈ ముక్కల్ని సగం ఇటు, సగం అటు వచ్చేలా వరసగా అంటించాలి. పొడుగ్గా ఒకే ముక్క పెడితే వంపుకు కూర్చోదు. అరాల్డైట్ గమ్ము రెండు ట్యూబులూ సమానంగా కలపండి, అంటించే చోట ముందే గరుగ్గా రుద్దుకోండి, రాత్రంతా కదపొద్దు. బలమంతా లోపలి ముక్కలదే. బయట పెట్టే పుట్టీ అందానికి మాత్రమే.

రంగు సంగతి కూడా చెప్తా. థిన్నర్ కలిపిన రంగు మొదటిసారే దట్టంగా కొడితే ప్లాస్టిక్‌ను తినేస్తుంది. ముందు ప్రైమరు, ఆ తర్వాత పలచగా, ఆరబెట్టి ఆరబెట్టి కొట్టాలి.

గ్రీమ్స్‌పేట అక్క:
తమ్ముడూ, నువ్వు చెప్పిన పనిలో తప్పు పట్టేదానికి ఏమీ లేదు. అద్దాల బీరువాలో పెట్టుకునే హెల్మెట్ అయితే అట్లనే చెయ్యాలి. పిల్లోడి తలకు పెట్టేదైతే వద్దు.

పోయినేడు మా చెల్లెలి కొడుక్కు నేనే చేసినా. లోపల ముక్కలు పెట్టి, అతుకు యాడుందో వేలితో తడిమినా తెలీనంత నున్నగా రుద్దినా. మెడ దగ్గర రంధ్రం పెద్దదైతే గొంతు కనిపించి అసయ్యంగా ఉంటుందని చిన్నదిగానే కోసినా. ఇంట్లో పెట్టి చూస్తే చెవులు మడిచి కొంచెం నొక్కితే దిగిపోయింది. బళ్లో ఊరేగింపయ్యేసరికి నలభై నిమిషాలు పట్టింది. చెమటకు జుట్టంతా అంటుకుపోయింది, చెవులు ఒరుసుకుని ఉబ్బినాయి, ఇంగ పైకి రాదు. వాడు ఏడుస్తా ఉంటే ఊపిరికి అద్దం తెల్లగా అయిపోయి కళ్లు కనిపించలా. గొంతు మాత్రం వినిపిస్తా ఉండాది, పెద్దమ్మా తియ్యి, పెద్దమ్మా తియ్యి అని. చెవికీ అంచుకూ నడాన నా రెండు వేళ్లు దూర్చి పట్టుకుంటే, ఎదురుగా ఉన్న టైలరు కత్తెర తెచ్చి మెడ కాడ నుంచి కోసినాడు. బయటంతా అన్ని రోజులు రుద్దినదాన్ని, లోపలి అంచు రుద్దాలని నాకు తట్టలేదు. వాడి చెవి వెనక సన్నటి గీత ఇప్పటికీ ఉంది.

మనం వదిలే ఊపిరిలో 4 శాతం దాకా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. బయట గాలిలో ఉండేది 0.04 శాతమే. మూసిన గిన్నె లాంటిదాంట్లో బిడ్డ ఆ ఊపిరినే మళ్లీ మళ్లీ పీల్చాల. అతుకు కనపడితే ఏమవుతుందన్నా? కనపడనీ. ఒక్క చేత్తో లాగితే ఊడి రావాల, అంతే నేను చెప్పేది.

అలిపిరి బైపాస్:
చర్చకు సంబంధం లేదనుకోవద్దు. పోటీ రోజు పొద్దున ఈ హెల్మెట్‌తోనే పిల్లల్ని బండి మీద కూర్చోబెట్టుకొని పొయ్యేవాళ్లను చూసినాను. ఇది ఉత్త బొమ్మ. బండి హెల్మెట్‌కు ఐఎస్ 4151 ప్రమాణం, ఐఎస్ఐ గుర్తు ఉండాలి. నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్ తప్పనిసరి అని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లోనే ఉంది. దీన్ని సంచిలో పెట్టుకొని పోండి.

తిరుచానూరు మోడలర్:
అక్కా, చదివి మనసు కలుక్కుమంది. అయినా తప్పు అతుకుది కాదు, మెడ రంధ్రానిది. రంధ్రం పెద్దదిగా కోసుంటే అతికించినది కూడా సులువుగా వచ్చేసేది. నిజం వ్యోమగామి హెల్మెట్ కూడా రెండుగా చీలదు, మెడ దగ్గరుండే రింగు నుంచి మొత్తంగా ఊడి వస్తుంది. మాగ్నెట్లు పెడితే పిల్లలు గెంతినప్పుడు వెనక చిప్ప జారి స్టేజీ మీదే పడిపోతుంది. వాడి మొహం ఎట్లుంటుందో ఆలోచించండి.

గ్రీమ్స్‌పేట అక్క:
నిజం హెల్మెట్ మాట ఎత్తినావు కాబట్టి చెప్తా. దాంట్లోకి తల వెనక నుంచి ఆక్సిజన్ వచ్చి మొహం మీదుగా కిందికి పోతా ఉంటుంది, వదిలిన ఊపిరి ముక్కు కాడ నిలవకుండా. మన కిట్‌లో ఆ ఏర్పాటు యాడుంది? వెనక చిప్ప జారి పడితే పిల్లోడు రెండు నిమిషాలు చిన్నబుచ్చుకుంటాడు. ఇరుక్కుంటే ఏమవుతుందో నేను కళ్లారా చూసినా. రంధ్రం పెద్దది చెయ్యాలన్నది మాత్రం ఒప్పుకుంటా. రెండూ చెయ్యమను.

పుత్తూరు భారతం:
మా పక్క భారతం జరిగేటప్పుడు వీధినాటకం చూసినారా? తెల్లార్లూ ఆడతారు. వేషగాళ్లు కిరీటం పెట్టే ముందు తలకు గుడ్డ బిగించి చుట్టుకుంటారు. చెమట ఆ గుడ్డ పీల్చుకుంటుంది, కిరీటం కదలదు, అంచు ఒరుసుకోదు. మీవాడికి కూడా పాత నూలు పంచె చించి చెవుల మీదుగా చుట్టండి. స్పాంజి ముక్కలు అంటిస్తారు కొందరు, అవి ఉడకబెట్టేస్తాయి.

కొర్లగుంట నాన్న:
అందరికీ దండాలు. రాత్రి టేపుతో కొలిచినాను. మావాడి తల నుదుటి నుంచి వెనక్కి 18 సెంటీమీటర్లు. కిట్‌లో మెడ దగ్గర కోయమని గుర్తు పెట్టిన గీత ప్రకారం అడ్డంగా 16 సెంటీమీటర్లే. అంటే ఆ కాగితాన్ని నమ్మి కోసి అతికించి ఉంటే అక్క చెప్పిందే మా ఇంట్లోనూ జరిగేది. 21కి కోసేసినాను, లోపలి అంచు 220 నంబరు ఉప్పుకాగితంతో రుద్ది, వేలు తిప్పి చూసినాను. అద్దం కింద రెండు వేళ్ల సందు వదిలేసి పైన మాత్రమే బిగిస్తాను. తమ్ముడు చెప్పిన ముక్కలు లోపల అంటిస్తాను, కానీ ముందు చిప్పకు మాత్రమే. వెనక చిప్ప వాటి మీద వచ్చి కూర్చుంటుంది, దానికి మాగ్నెట్లు. జారుతుందేమోనన్న భయం నాకూ ఉంది, రేపు వాడికి పెట్టి మిద్దె మీద గెంతించి చూస్తాను. మాగ్నెట్లు ఎన్ని పెట్టాలి అక్కా? మా పాప పాకుతా ఉంటుంది, పని రాత్రిపూటే చేసుకోవాలి.

గ్రీమ్స్‌పేట అక్క:
పక్కకు మూడు, నెత్తిన ఒకటి. అంటించే ముందే జతలు కలిపి, కలిసిన వైపు స్కెచ్చు పెన్నుతో చుక్క పెట్టుకో. తిరగేసి అంటిస్తే తోసుకుంటాయి, అరాల్డైట్ ఆరినాక ఇంగ పీకలేవు. పాప ఉందన్నావు కాబట్టి ఇది మాత్రం మరువద్దు. మాగ్నెట్లు ఒకటికి మించి మింగితే కడుపులో పేగుల్ని నడాన పట్టి అతుక్కుంటాయి, ఆపరేషన్ దాకా పోతుంది. ఒక్కోదాని మీద గుడ్డ ముక్క పెట్టి అరాల్డైట్ పూసెయ్యి. మిగిలినవి లెక్కబెట్టి, డబ్బాలో వేసి బీరువాలో పెట్టి తాళం వేసుకో.