‘బిల్డ్’కు ‘నిర్మాణం’ కన్నా ‘కట్టు’ మేలు కాదా?

సభ్యులకు నమస్కారం. విజయవాడలో డిప్లొమా విద్యార్థుల కోసం ఎంబెడెడ్ లినక్స్ (చిన్న పరికరాలలో నడిచే లినక్స్) పాఠాలు తెలుగులో రాస్తున్నాను. కంటైనర్ ఇమేజ్‌ను, అంటే ప్రోగ్రామునూ అది నడవడానికి కావలసిన ఫైళ్లనూ ఒకచోట చేర్చిన రూపాన్ని, బిల్డ్ చేయడమన్న చోట మొదట ‘నిర్మించడం’ అని రాసి, తరువాత కొట్టివేసి ‘కట్టడం’ అని మార్చాను. ఇమేజ్‌లోని ఒక్కొక్క పొర ఒక టార్ ఫైలు, అంటే ఫైళ్ల మూట. ఇల్లు కట్టడానికీ మూట కట్టడానికీ మనకున్న మాట ఒకటే కాబట్టి, ఇక్కడ జరిగే రెండు పనులనూ ‘కట్టు’ ఒక్కటే చెప్పగలదు. ఆ రెండవ అర్థం ‘నిర్మాణం’లో లేదు.

మన ఆటోనగర్‌లో లారీకి బాడీ కడతారు, నిర్మించరు. ఛాసిస్ కొలతను బట్టే బాడీ కట్టాలి. ఇమేజ్ సంగతీ అంతే: నా ల్యాప్‌టాప్‌లో ఎక్స్86-64 రకం ప్రాసెసరుకు కట్టిన ఇమేజ్‌ను, ఆర్మ్ అనే మరో రకం ప్రాసెసరున్న బోర్డు మీద నడపబోతే ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అన్న ఒక్క వరుస కనిపించి ఆగిపోయింది. ఎల్ఫ్ ఫైలు (లినక్స్‌లో నడిచే ప్రోగ్రాము ఫైలు) మొదట్లోనే ప్రాసెసర్ సంఖ్య ఉంటుంది. ఎక్స్86-64కు 62, 64 బిట్ ఆర్మ్‌కు 183. లినక్స్ మూలభాగమైన కెర్నల్ ఆ సంఖ్యను చూసి నిరాకరిస్తుంది.

*ఒక సభ్యురాలి అభ్యంతరం:* ఫీజు కట్టడం, చీర కట్టడం కూడా ఉన్నాయి కదండీ, విద్యార్థి తికమకపడడా? ‘ఆటోమేటెడ్ బిల్డ్’ను ఏమంటారు?

*నా జవాబు:* ఫీజు, చీర, ఇమేజ్ అన్న కర్మపదం పక్కనే ఉంటుంది కాబట్టి తికమక రాదండీ. ఆటోమేటెడ్ బిల్డ్‌కు ‘స్వయంకట్టు’ వంటి సమాసం నాకు రుచించలేదు, ‘కట్టించు’ చాలు. కోడ్ చేర్చిన ప్రతిసారీ సర్వర్ చేత అన్ని ప్రాసెసర్లకూ ఇమేజ్‌లు కట్టిస్తాము.

ఇక్కడ మన విభక్తులు చేసే మేలు చెప్పి తీరాలి. ‘ఆర్మ్ బిల్డ్’ అంటే ఆర్మ్ మీద కట్టినదో, ఆర్మ్‌కు కట్టినదో తేలదు. ఇమేజ్‌లు కట్టే సాధనమైన బిల్డ్‌కిట్ అందుకే కట్టే యంత్రానికి ‘బిల్డ్‌ప్లాట్‌ఫామ్’ అనీ, నడిచే యంత్రానికి ‘టార్గెట్‌ప్లాట్‌ఫామ్’ అనీ రెండు చరరాశులు పెట్టుకుంది. తెలుగులో ‘ఎక్స్86 మీద ఆర్మ్‌కు కట్టాము’ అంటే అది క్రాస్ కంపైలరుతో (ఒక రకం ప్రాసెసరు మీద నడుస్తూ మరో రకానికి ప్రోగ్రాము తయారుచేసే సాధనంతో) చేసిన పని. ‘క్యూఎమూలో ఆర్మ్‌కు కట్టాము’ అంటే, మరో ప్రాసెసరును అనుకరించే క్యూఎమూ అనే ప్రోగ్రాము ద్వారా ఆర్మ్ ఆదేశాలను ఎప్పటికప్పుడు అనువదిస్తూ నెమ్మదిగా చేసిన పని. అలా కట్టిన ఇమేజ్‌లన్నిటినీ ఒకే పేరు కింద చూపి, ఏ బోర్డుకు ఏది దించుకోవాలో తెలిపే పట్టికకు ‘సూచిక’ అని రాశాను. దాని మీద కూడా మీ అభిప్రాయం కావాలి.