కర్సర్ (ఫలితాన్ని విడతలుగా తీసుకునే పద్ధతి) పెడితే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో క్వెరీ నడిచే ప్లాన్ ఎందుకు మారుతోంది?
ఆర్డర్ల టేబుల్‌కి తేదీ కాలమ్ మీద బీ-ట్రీ ఇండెక్స్ (వరుసల్ని తేదీ వరసలో అందించే సూచిక) ఉంది. రాత్రి రిపోర్టుకి ఏడాది వరుసలన్నీ తేదీ వరసలో కావాలి కాబట్టి కర్సర్ డిక్లేర్ చేసి వెయ్యేసి చొప్పున ఫెచ్ చేస్తున్నాను. మొదటి వెయ్యి టక్కున వస్తాయి, ఆ తర్వాత నత్తనడకే. అదే సెలెక్ట్ కర్సర్ లేకుండా నడిపితే సీక్వెన్షియల్ స్కాన్ (టేబుల్ మొత్తం చదవడం), సార్ట్ చేసి మొత్తంగా ముందే ముగిస్తోంది.

కర్సర్_టపుల్_ఫ్రాక్షన్ అనే సెట్టింగ్ డిఫాల్ట్ 0.1, అంటే కర్సర్‌తో వరుసల్లో పదో వంతే తీస్తామని ప్లానర్ (క్వెరీ ఎలా నడపాలో ఎంచుకునే భాగం) లెక్కేసుకుని, మొదటి వరుసలు త్వరగా ఇచ్చే ప్లాన్ వైపు మొగ్గుతుంది. సెట్ లోకల్‌తో ఆ ట్రాన్సాక్షన్ వరకు 1.0 చేస్తే చాలా, లేక కర్సర్ మానేసి చివరి తేదీ, ఐడీ దాచుకుని వాటి తర్వాతవి లిమిట్‌తో అడగడం మేలా? మధ్యలో కనెక్షన్ తెగితే ఆగిన చోటి నుంచే మొదలవ్వాలి మరి. ఆఫ్‌సెట్ మాత్రం చెప్పకండి బాబూ, వదిలేసే వరుసల్ని కూడా చదువుకుంటూ పోతుంది అది.